తోటివాడి సంచి

నవాగామ్, సూరత్
8 జూలై 2024

చిన్నాయనకు సుమన దండాలు.

మీ ఉత్తరం అందింది. చిన్నమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి అమ్మ సంతోషించింది. మగ్గాల చప్పుడుకు చెవులు పోయిన మనిషికి ఫోన్ ఎందుకని మీరు మొదలుపెట్టిన ఈ ఉత్తరాలు నాకూ అలవాటైపోయాయి. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసి వచ్చాక, కాగితం మీద నాలుగు తెలుగు ముక్కలు రాస్తే చేతికి హాయిగా ఉంటుంది.

ఈసారి మీ సలహా కావాలి. ఆదివారం మధ్యాహ్నాలు మా మేడ మీది గదిలో నలుగురం కలిసి ఒక ఆట ఆడుతున్నాం. ఆఫీసులో ఒకమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్తూ ఆ ఆట పుస్తకం, పాచికలు నాకు ఇచ్చింది. జూదం కాదు, భయపడకండి. ఒక కథను అందరం కలిసి నడపడం అది. అడవి, కోట, రాక్షసుల గుహ ఎట్లా ఉన్నాయో నేను చెప్తాను. మిగతా ముగ్గురివీ మూడు వేషాలు. ఎదురుగా రాక్షసుడు నిలబడితే ఏం చేస్తారో వాళ్లే చెప్పాలి. అది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే కుదిరినట్టు. కథ నడిపేదాన్ని కనుక నన్ను మాస్టర్ అంటారు. మిల్లులో మాస్టర్‌ను తిట్టుకున్నట్టే నన్నూ తిట్టుకుంటారు.

వడోద్‌లో ఉండే కమలాకరన్న మగ్గాల మీద పన్నెండు గంటలు నిలబడి వస్తాడు. ఆటలో అతను కత్తివీరుడు. పేరు రణధీరుడు. ఆ పేరు పెట్టుకోవడానికే వారం పట్టింది. ఇంటి దగ్గర చీరలకు రాళ్లు అతికించే జమునక్క ఆటలో వైద్యురాలు. మూడో అతనిది దొంగ వేషం. తాళాలు తీయడం, గోడలు దూకడం అతని పని. చిక్కంతా అతనితోనే. ఈ మధ్య బయటివాళ్లను వదిలేసి మా వాళ్లనే దోచుకుంటున్నాడు. జమునక్క నిద్రపోతుంటే ఆమె ఉంగరం తీశాడు. కమలాకరన్న గెలుచుకున్న డాలును దారిలో ఎవడికో ఇచ్చేశాడు. మొదట్లో అందరం నవ్వాం. ఇప్పుడు నవ్వడం తగ్గింది.

మీరు సూరత్‌లో ఉన్నప్పుడు మన గల్లీలో గణపతి నవరాత్రులకు నాటకాలు వేసేవారు కదా. ఆట చెడగొట్టే వేషగాడిని మీ గురువుగారు ఎట్లా దారికి తెచ్చేవారు?

తమ్ముడు శివ బాగానే ఉన్నాడు. జోల్వాలో పని కుదురుగానే ఉంది.

సుమన

*

సిరిసిల్ల
16 జూలై 2024

చిరంజీవి సుమనకు,

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి నడుస్తోంది, ఒకటి నా మాట వినడం లేదు. నీ ఆట సంగతి రెండుసార్లు చదివి, మీ చిన్నమ్మకు చదివి వినిపించాను. తెర లేకుండా, రంగు పూసుకోకుండా నాటకం ఆడుతున్నారన్నమాట. చూసేవాళ్లు కూడా లేరు. మరి ఎవరి కోసం ఆడుతున్నారని ఆమె అడిగింది. ఒకరి కోసం ఒకరు ఆడుతున్నారని చెప్పాను. సరిగ్గానే చెప్పానా?

మా నాటకాల గురువు మార్కండేయగారు పగలు పడుగు చుట్టే వార్పు మిషన్ మీద, సాయంత్రం హార్మోనియం మీద కూర్చునేవారు. ఒక ఏడాది రాజు వేషం బక్కయ్యది. రాక్షసుడి వేషం కట్టినవాడు యుద్ధం సీనులో బక్కయ్యను గదతో నిజంగానే కొట్టాడు. అట్టగద లోపల కర్ర ఉంది. బక్కయ్య భుజం వాచింది. అదేమిటని అడిగితే, "రాక్షసుడు గట్లనే కొడ్తడు, నేనేం జేయాలె" అన్నాడు. అప్పుడు గురువుగారు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "కొట్టేది రాక్షసుడు. దెబ్బ తాకకుంట సూసుకునేది నువ్వు."

నీ దొంగకూ అదే మాట చెప్పు. పదిమందిలో కాదు, విడిగా పిలిచి చెప్పు. పదిమందిలో అంటే వేషం జవాబు చెప్తుంది. విడిగా అంటే మనిషి చెప్తాడు.

శివ గురించి ఒక్క ముక్కే రాశావు. వాళ్లమ్మ ఇంకా ఏమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూసింది.

నీ చిన్నాయన
లక్ష్మీరాజం

*

నవాగామ్, సూరత్
12 ఆగస్టు 2024

చిన్నాయనకు,

మీరు చెప్పినట్టు చేయలేదు. విడిగా పిలిచి మాట్లాడడానికి నోరు రాలేదు. ఆట నా చేతిలోనే ఉంది కదా, కథలోనే బుద్ధి చెప్దామనుకున్నాను.

జమునక్క సంచికి మంత్రం పెట్టించాను. చేయి పెట్టినవాడి వేళ్లు నీలంగా మారిపోతాయి. అతనికి అదే పండగైంది. చేతికి తొడుగులు కొన్నాడు, మంత్రగాడిని మోసం చేశాడు, తప్పించుకుని అడవిలోకి పారిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా అతని కథే నడిచింది. మిగతా ఇద్దరూ మరమరాలు తింటూ కూర్చున్నారు. తర్వాతి వారం కొత్వాలుతో పట్టించాను. దానికి ఇంకా సంబరపడ్డాడు. శిక్ష వేస్తున్నానని నేను అనుకున్నాను. అతనికి అది బహుమానంలా ఉంది.

నిన్న మాత్రం నవ్వులాట కాలేదు. గుహ ముందు రాత్రి మజిలీలో జమునక్క సంచిలోని ప్రాణం పోసే మందు తీసి, దాని చోట నీళ్ల సీసా పెట్టాడు. ఆ సంగతి చీటీ మీద రాసి నాకొక్కదానికే చూపించాడు. మాస్టర్‌గా నేను ఒప్పుకోకుండా ఉండవలసింది. ఒప్పుకున్నాను. గుహలో రణధీరుడు పడిపోయాడు. జమునక్క పరుగున వెళ్లి సీసా మూత తీసింది. నీళ్లు. పాచిక కూడా కలిసిరాలేదు. ఎనిమిది నెలలుగా బతికిన రణధీరుడు చనిపోయాడు.

రణధీరుడు చేసినవన్నీ రాసుకునే చిన్న నోటుబుక్కు ఉంది కమలాకరన్న దగ్గర. దాన్ని మూసి, పెన్సిల్ దానిమీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. జమునక్క లేచి, "నేను గూడ ఇంక రాను సుమనా. ఇంట్ల రాళ్లు అతికిచ్చుకున్నా నయమే" అంది.

ఎందుకు చేశావని అడిగితే ఇతను అన్నది వినండి. "నా వేషం దొంగది. దొంగ దొంగతనం జేయకుంటె ఏం జేస్తడు?"

మీ రాక్షసుడి మాటే కదా ఇది.

ఏం చేయమంటారు?

సుమన

*

సిరిసిల్ల
19 ఆగస్టు 2024

సుమనకు,

ఈ రోజు రాఖీ. మీ చిన్నమ్మ తన అన్న దగ్గరికి వెళ్లింది. ఇంట్లో ఒక్కడినే ఉన్నాను కనుక వెంటనే రాస్తున్నాను.

నేను సూరత్ వచ్చిన కొత్తలో ఒక్క గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందరివీ రేకు పెట్టెలే. ఒక్క పెట్టెకూ తాళం లేదు. పగటి షిఫ్టు వాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టు వాడు పడుకునేవాడు. ఎవడి వస్తువు మీదా ఎవడూ చేయి వేయలేదు. వేసి ఉంటే ఆ ఊళ్లో మేము ఒక్క నెల కూడా బతికేవాళ్లం కాదు. పరాయి ఊళ్లో తోటివాడి సంచిని ముట్టుకోవడం మామూలు దొంగతనం కాదు. ఆటలో అయినా సరే.

నువ్వు ఇంక బుజ్జగించకు. అతణ్ణి వెళ్లగొట్టు. ఎవరి కొడుకో గానీ, తోటివాడి సంచిలో చేయి పెట్టకూడదని వాళ్ల ఇంట్లో నేర్పలేదు. ఇంట్లో నేర్వనిది నువ్వు ఆదివారానికి ఒక పూట నేర్పలేవు.

లక్ష్మీరాజం

*

నవాగామ్, సూరత్
16 సెప్టెంబర్ 2024

చిన్నాయనకు,

ఈ ఉత్తరం రాయడానికి మూడు వారాలు పట్టింది. చదివాక మీకు నా మీద కోపం వస్తుంది. రావలసిందే.

మీ ఉత్తరం ఇరవై నాలుగున అందింది. మర్నాడు ఆదివారం. ఒక్కసారి మాట్లాడుకుందాం రమ్మని కమలాకరన్ననూ జమునక్కనూ బతిమాలి పిలిపించాను. అతనూ వచ్చాడు. నా నోటితో వెళ్లిపొమ్మనే ధైర్యం లేక మీ ఉత్తరం తీసి చదివాను. ఎనిమిది మంది, రేకు పెట్టెలు, అన్నీ చదివాను. "ఎవరి కొడుకో గానీ" అన్న వాక్యం కూడా ఆపకుండా చదివాను.

అతను చేయి చాచి కాగితం అడిగాడు. ఇచ్చాను. ఆ రాత ఎవరిదో గుర్తుపట్టడానికి అతనికి ఎంతసేపో పట్టలేదు.

చిన్నాయనా, అతను మన శివ.

జోల్వా నుంచి రెండు ఆటోలు మారి ప్రతి ఆదివారం వచ్చేవాడు. రాఖీ నాడు కూడా పని ముగించుకుని వచ్చి కట్టించుకుని వెళ్లాడు. ఆ కాగితం పట్టుకున్నప్పుడు నేను కట్టిన రాఖీ చేతికే ఉంది. చివరిదాకా చదివి, మడిచి, చాప మీద పెట్టాడు. "బాపు మంచిగనే రాసిండు" అన్నాడు. అంతే. దిగి వెళ్లిపోయాడు.

ఆ ఉత్తరం రాసింది శివ వాళ్ల బాపేనని కమలాకరన్నకు అప్పుడే తెలిసింది. "మీ చిన్నాయనతోని మీ తమ్మున్ని తిట్టిచ్చినవా?" అని అడిగాడు. తనకు జరిగిన నష్టం కంటే అదే అతనికి ఎక్కువ బాధ అనిపించినట్టుంది.

మొదటి ఉత్తరంలోనే పేరు ఎందుకు రాయలేదో చెప్తాను. రెండేళ్ల కింద మీరు సిరిసిల్లకు మళ్లినప్పుడు వాడు మీతో రానన్నాడు. అప్పటినుంచి మీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. వాడి మీద ఇంకో చాడీ ఎందుకులే అనుకున్నాను. రెండో ఉత్తరం నాటికి, ఎవరో తెలియకపోతేనే మీరు సరైన తీర్పు చెప్తారనిపించింది. చివరికి మీ తీర్పు వచ్చాక అది నాకు అనుకూలంగా ఉంది. అందుకే వాడుకున్నాను.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పనికి మాత్రం వెళ్తున్నాడని తెలిసింది. మేడ మీది గది మూడు ఆదివారాలుగా మూసే ఉంది.

సుమన

*

సిరిసిల్ల
7 అక్టోబర్ 2024

సుమనకు,

నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చించేశాను. ఇంట్లో బతుకమ్మ పూల పని. మీ చిన్నమ్మకు ఉత్తరం చూపించలేదు. నా మొహం చూసి తనే అడిగి చెప్పించుకుంది. ఆ తర్వాత ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. వినబడని మనిషికి కూడా ఆ తేడా తెలుస్తుంది.

ముందు నీ తప్పు. పేరు దాచి నా చేత తీర్పు చెప్పించుకున్నావు. విడిగా మాట్లాడమంటే పదిమందిలో చదివావు. ఇంత వరకే. నీకంటే నా తప్పు పెద్దది.

ఆ నాటకం సంగతి నేను నీకు సగమే రాశాను. నువ్వు పేరు దాచినట్టే నేనూ దాచాను. బక్కయ్యను కొట్టిన రాక్షసుణ్ణి నేనే. అట్టగద లోపల కర్ర పెట్టింది కూడా నేనే.

బక్కయ్య వాళ్లు నన్ను తీసేయమన్నారు. గురువుగారు తీసేయలేదు. మర్నాడు పొద్దున మా గదికి వచ్చి, నన్ను టీ బండి దగ్గరికి తీసుకెళ్లి, "నీకేం గావాలె రాజం?" అని అడిగారు. అడిగి ఊరుకున్నారు. టీ చల్లారేదాకా మళ్లీ మాట్లాడలేదు. చివరికి నేనే చెప్పాను. రాజుకు పన్నెండు పద్యాలు, రాణికి ఏడు, నాకు అరవడం, చావడం. కొడితేనే జనం నా వైపు చూస్తున్నారని చెప్పాను. ఆయన ఆ సాయంత్రం రాక్షసుడు చచ్చే ముందు పాడడానికి నాలుగు పద్యాలు రాసిచ్చారు. ఆ తర్వాత బక్కయ్యకు నా దెబ్బ ఎప్పుడూ తాకలేదు.

నాకు అంత మర్యాద దొరికింది. నేను మాత్రం ఎవరి కొడుకునో ఒక్క వాక్యంతో వెళ్లగొట్టమన్నాను.

శివ ఎందుకు అట్లా చేశాడో నాకు తెలియదు. నా వల్లేనని అనుకోవడం కూడా గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. ఊహించకు, అడుగు. ఫోన్‌లో కాదు, జోల్వాకు వెళ్లి అడుగు. అడిగాక నువ్వు మాట్లాడకు.

ఇందులో ఇంకో కవరు ఉంది, అది వాడికి. నా కొడుకు ఉండే గది చిరునామా నాకు తెలియదు. అందుకే నీ చేతికి ఇస్తున్నాను.

లక్ష్మీరాజం

*

నవాగామ్, సూరత్
18 నవంబర్ 2024

చిన్నాయనకు సుమన దండాలు.

జోల్వాకు వెళ్లి వచ్చాను. ఆదివారం పగలు వెళ్తే శివ గదిలో బట్టలు ఆరేస్తున్నాడు. నన్ను చూసి టీ పెట్టాడు. మీ కవరు ఇచ్చాను. కిటికీ దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ముందు తప్పు ఒప్పుకున్నాను. తర్వాత మీరు చెప్పినట్టే, నీకు ఆటలో ఏం కావాలని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"నీ కథల కమలాకరన్నకు యుద్ధాలున్నయి. జమునక్కకు గాయాలున్నయి. నాకేమున్నయి అక్కా? ఎనిమిది నెలలల్ల రెండు తాళాలు. మిగిలిన సేపంత కూసొని సూసుడే" అన్నాడు.

నాతో చెప్పవచ్చు కదా అన్నాను.

"రెండుసార్లు చెప్పిన. నువ్వు నవ్వినవ్."

నాకు గుర్తు లేదు. అయినా నిజమే అయి ఉంటుంది. ఇంటికి వచ్చి నా కథల నోటుబుక్కు మొదటి నుంచి తిరగేశాను. యుద్ధాలు పందొమ్మిది. తాళాలు రెండే. దొంగకు పని కల్పించడం మరిచిపోయి, దొంగతనం చేశాడని కొత్వాలును పంపాను. మందు తీయడం మాత్రం తప్పేనని వాడు తనంతట తనే ఒప్పుకున్నాడు. రణధీరుడు చనిపోతాడని అనుకోలేదట. ఆ మాట నాతో కాదు, కమలాకరన్నతో చెప్పమన్నాను.

దీపావళికి మగ్గాలు ఆగినప్పుడు ఇద్దరం వడోద్ వెళ్లాం. శివ గడప దగ్గరే నిలబడి చెప్పేశాడు. కమలాకరన్న విని, చాప వేసి కూర్చోమన్నాడు. "అందరు ఆటనే గద అంటరు. ఆ రణధీరుడు నేను శివా. కార్ఖానల నా పేరు గూడ ఎవ్వనికి ఎరుకలేదు" అన్నాడు. శివ తల దించుకున్నాడు. ఏదో ఒక మంత్రంతో రణధీరుడిని బతికిస్తానని నేను అన్నాను. వద్దన్నాడు. చచ్చినవాణ్ణి లేపితే ఇన్నాళ్లు బతికినదానికి విలువ ఉండదన్నాడు. కొత్త వేషంతో వస్తాను గానీ, తోటివాళ్ల సంచిలో వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఎవరూ చేయి పెట్టొద్దన్నాడు. చీటీల మీద రాసి నాకొక్కదానికే చూపించే రహస్యాలు కూడా వద్దన్నాడు. ఆ రెండోది నాకు తగిలింది. ఒప్పుకున్నాను.

నిన్న మళ్లీ ఆడాం. జమునక్క చెగోడీలు తెచ్చింది, కానీ శివ పక్కన కాకుండా అవతల కూర్చుంది. ఆమెకు ఇంకా కొంత కాలం పడుతుంది.

ఈసారి కథ కొత్తగా అల్లాను. కరువు పట్టిన ఊరు. చెరువు తూము తాళంచెవి కోట లోపల ఉంది. కోటకు వంద మంది కాపలా. కత్తితో అయ్యే పని కాదు. కమలాకరన్న ఈసారి ముసలి పడవవాడు. అతను కందకం దాటించాడు. జమునక్క కుక్కలకు మత్తుమందు పెట్టింది. గోడ ఎక్కింది మాత్రం శివ ఒక్కడే. గంటన్నర సేపు మేమంతా వాడి పాచిక వైపే చూశాం. తాళంచెవి తీశాడు. తాడు కట్టి కిందికి దించాడు. తను దిగే ముందు వేసిన పాచికలో రెండు పడింది. దొరికిపోయాడు.

తాళంచెవి కింద ఉన్న ఇద్దరి చేతిలో ఉంది. వెళ్లిపోతే ఊరికి నీళ్లు వస్తాయి. కావాలంటే వాళ్లు అక్కడితో వెళ్లిపోవచ్చు. శివ ఎవరి వైపూ చూడలేదు. పాచికను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

కమలాకరన్న జమునక్కను అడిగాడు. "నీ తాన మత్తుమందు ఎంతున్నది?"

"కుక్కలకే అయిపోయింది" అందామె.

"మంచిది. ఉత్త చేతులతోనే పోదాం. మనోడు లోపలున్నడు."

శివ లేచి నీళ్లు తాగి వస్తానని కిందికి వెళ్లాడు. వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఎవరం పిలవలేదు.

సుమన

*

సిరిసిల్ల
2 డిసెంబర్ 2024

చిరంజీవి సుమనకు, చిన్నాయన, చిన్నమ్మల దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు శివ ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. అక్షరాలకు ఒత్తులు సగం లేవు. రెండు పేజీలు కోట గోడ ఎట్లా ఎక్కాడో రాశాడు. కందకం ఎంత వెడల్పో, కాపలావాళ్లు ఏ వేళకు మారతారో, అన్నీ. నువ్వు రాసిన దానికీ వాడు రాసిన దానికీ రెండు మూడు చోట్ల పొంతన లేదు. వాడి కోట నీ కోట కంటే ఎత్తుగా ఉంది.

నేను కవరులో రాసినదాని గురించి వాడు ఒక్క మాట కూడా ఎత్తలేదు. నేనూ అడగను. మీ చిన్నమ్మ ఉత్తరం తనే పట్టుకుని, చదవడం రాకపోయినా ప్రతి పేజీ అటూ ఇటూ చూసి, తర్వాత నన్ను చదవమంది. వాడు చెరలో పడ్డ చోటికి వచ్చేసరికి వద్దు, ముందు బయటపడ్డాడా చెప్పమంది. వచ్చే ఉత్తరంలో తెలుస్తుందని చెప్పాను. ఆమెకు అది నచ్చలేదు.

ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగాడు. "బాపూ, నువ్వు మాతోటి ఆడితే ఏం వేషం కడ్తవ్?"

రెండు రోజులు ఆలోచించాను. మగ్గం మీద పోగులు అతుకుతున్నా అదే ఆలోచన. నిన్న తేల్చుకుని వాడికే రాశాను. ఏ వేషమో తెలుసుకోవాలని ఉంటే వాణ్ణి అడుగు.

నీ చిన్నాయన
లక్ష్మీరాజం